వంటింటి ఉత్తరాలు: నీచు వాసన లేని ఎగ్‌నాగ్

కార్తీక మాసం వెళ్లేదాకా పాఠకులు ఉసిరికాయ పచ్చడి గురించే రాశారు. డిసెంబరు రాగానే ఉత్తరాలన్నీ కేకుల వైపు తిరిగాయి. అందులోనూ ఈసారి ఎక్కువమంది అడిగింది ఎగ్‌నాగ్ గురించి. పాలు, మీగడ, పచ్చసొన, పంచదార, జాజికాయ కలిపి చేసే చిక్కటి పానీయం అది. అమెరికాలో, కెనడాలో క్రిస్మస్ రోజుల్లో డబ్బాల్లో అమ్ముతారు. మన దుకాణాల్లో అంత తేలిగ్గా కనబడదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. పండక్కి అల్లుడితో వస్తోంది. అక్కడ అలవాటైన ఎగ్‌నాగ్ చేసి పెట్టమంటోంది. యూట్యూబులో చూస్తే పచ్చి గుడ్లు పాలలో గిలక్కొట్టి అలాగే తాగేస్తున్నారు. చూస్తుంటేనే నాకు కడుపులో తిప్పింది. నీచు వాసన లేకుండా, భయం లేకుండా చేసే మార్గం ఉందా?
— ఒక గృహిణి, మర్రిపాలెం

ఉందమ్మా. మీకు కడుపులో తిప్పడం సబబే. పాత పద్ధతిలో పచ్చి గుడ్లే వేస్తారు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది పట్టుకుంటే జ్వరం, వాంతులు, విరేచనాలు. పండగ పూట పిల్లలకీ పెద్దవాళ్లకీ ఆ బాధ ఎందుకు? గుడ్డును పాలలో మెల్లగా ఉడికించే పద్ధతి ఒకటుంది. వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో మా పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీ అలాగే చేసేవారు. నేను హోమ్ సైన్స్ క్లాసులో పిల్లలకి చెప్పిందీ అదే పద్ధతి. రుచిలో కూడా పచ్చి గుడ్డుది దీని దగ్గరికి రాదు.

ముందు నీచు సంగతి చూద్దాం. వాసన చాలావరకు తెల్లసొన నుంచి వస్తుంది. అందులో గంధకం ఉన్న మాంసకృత్తులు ఉంటాయి, వేడి ఎక్కువైతే అవి విడిపోయి ఆ కంపు పుడుతుంది. కాబట్టి పచ్చసొన మాత్రమే వాడండి. గుడ్డు కొట్టేముందు పెంకు కడిగి తుడవండి. నీళ్ల గిన్నెలో వేసి చూడండి, తేలితే పాతబడిందని అర్థం, పక్కన పెట్టేయండి. పచ్చసొనను అంటుకుని తెల్లటి పోగు ఒకటి ఉంటుంది, దాన్ని వేలితో తీసేయండి. చివర్లో ఎలాగూ వడకడతాం. ఈ నాలుగూ చేస్తే, గుడ్డు వేశామని చెబితే తప్ప మీ అల్లుడుగారికి తెలియదు.

ఆరు చిన్న గ్లాసులకు కొలత చెబుతాను. ఫుల్ క్రీమ్ పాలు అర లీటరు. విశాఖ డెయిరీ ప్యాకెట్ అయినా మరొకటైనా సరే, ప్యాకెట్ మీద ఫుల్ క్రీమ్ అని ఉండాలి. అందులో వెన్న కనీసం 6 శాతం ఉంటుంది. టోన్డ్ పాలలో 3 శాతమే, వాటితో చేస్తే పల్చగా, నీళ్లగా వస్తుంది. నాలుగు గుడ్ల పచ్చసొనలు, పంచదార ఆరు టేబుల్ స్పూన్లు, ఫ్రెష్ క్రీమ్ వంద మిల్లీలీటర్లు, రెండంగుళాల దాల్చినచెక్క, మూడు లవంగాలు, చిన్న రేకు జాపత్రి, చిటికెడు ఉప్పు, అర స్పూను వెనిల్లా. జాజికాయ గురించి కింద వేరే ఉత్తరం ఉంది, అక్కడ చెబుతాను.

పాలు ముందు ఒక పొంగు రానివ్వండి. దించేసి దాల్చినచెక్క, లవంగాలు, జాపత్రి వేసి మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. పాలతో పాటు మసాలాలను మరిగిస్తే లవంగం చేదు దిగుతుంది. మూతపెట్టి ఊరనిస్తే సువాసన మాత్రమే దిగుతుంది. తర్వాత వడకట్టండి.

ఈలోగా పచ్చసొనలో పంచదార, ఉప్పు వేసి గిలకొట్టాలి. ఒక మాట గుర్తుపెట్టుకోండి. పంచదార వేశాక గిన్నె అక్కడ పెట్టి ఫోను ఎత్తడానికి వెళ్లకూడదు. పంచదార పచ్చసొనలోని తడిని లాగేసుకుంటుంది, గట్టి రవ్వలు తయారవుతాయి, తర్వాత ఎంత గిలకొట్టినా కరగవు. వెయ్యగానే గిలకొట్టడం మొదలుపెట్టి రెండు మూడు నిమిషాలు ఆపకండి. ముదురు పసుపు రంగు కాస్తా వెన్న రంగుకు వస్తుంది.

ఇప్పుడు పాలు మళ్లీ వేడి చేసి, ఆవిర్లు రాగానే ఒక గరిటెడు తీసి సన్నటి ధారగా పచ్చసొనలో పోయండి. ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూనే ఉండాలి. ఇంకో రెండు గరిటెలు అలాగే పోయండి. గుడ్డుకు వేడి అలవాటు అవుతుంది. అప్పుడు ఆ మిశ్రమాన్నంతా పాలగిన్నెలో పోసి స్టవ్ సిమ్‌లో పెట్టండి. గిన్నె అడుగు మందంగా ఉండాలి.

ఇక్కడి నుంచి చెక్క గరిటె చేతిలోంచి దిగకూడదు. అడుగు, అంచులు, మధ్య అన్నీ తగిలేలా తిప్పుతూ ఉండండి. మొదట పైన సన్నటి నురగ కనిపిస్తుంది. నాలుగైదు నిమిషాలకు ఆ నురగ తగ్గడం మొదలవుతుంది, పైభాగం నునుపుగా మారి నిగనిగలాడుతుంది, తిప్పుతుంటే గరిటె కొంచెం బరువుగా కదులుతుంది. చిక్కబడుతోందని గుర్తు. గరిటె పైకెత్తి వెనక వైపు చూడండి. పల్చటి పూతలా పట్టుకుని ఉంటుంది. ఆ పూత మధ్యలో వేలితో ఒక గీత గీయండి. గీతలోకి రెండు వైపుల నుంచీ కారిపోతుంటే ఇంకా కాలేదు. గీత గీసింది గీసినట్టు నిలబడితే అయిపోయింది, ఆ క్షణమే దించాలి. మరగనివ్వకూడదు, ఒక్క బుడగ కూడా రాకూడదు.

వంటింటి థర్మామీటర్ ఉన్నవాళ్లకు లెక్క ఇంకా తేలిక. 71 డిగ్రీలు దాటాలి, 80 దాటకూడదు. 71 దగ్గర సూక్ష్మజీవుల భయం పోతుంది. 80 పైకి వెళ్లేకొద్దీ గుడ్డు ముక్కలవడం మొదలవుతుంది. ఈ రెండంకెల మధ్యే పనంతా ఉంది.

దించగానే సన్నటి జాలీలో వడకట్టి, గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి రెండు నిమిషాలు కలపండి. ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్, వెనిల్లా అప్పుడు కలపాలి. మూతపెట్టి కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. వేడిగా ఉన్నప్పుడు పల్చగా అనిపిస్తే కంగారు పడి కార్న్‌ఫ్లోర్ కలపకండి. చల్లారితే చిక్కబడుతుంది.

ఎగ్‌నాగ్‌ను సిమ్‌లోనే పెట్టి తిప్పాను మేడమ్, అయినా చివర్లో రవ్వరవ్వగా అయిపోయింది. పారబోయాలా? ఒక లీటరు పాలు, ఎనిమిది గుడ్లు!
— గాజువాక

పారబోయకండి తల్లీ. ఎంతవరకు విరిగిందో చూడాలి. నాలుక మీద ఇసుకలా తగులుతోందే తప్ప కంటికి ముక్కలు కనబడటం లేదంటే బతికించుకోవచ్చు. వెంటనే చల్లటి నీళ్లలో పెట్టి వేడి తగ్గించండి. చల్లటి క్రీమ్ రెండు స్పూన్లు వేసి మిక్సీలో పది సెకన్లు తిప్పి, సన్న జాలీలో వడకట్టండి. చాలావరకు నునుపు తేలుతుంది. వేడివేడిగా మిక్సీలో పోసి గట్టిగా మూత బిగించకండి, ఆవిరికి మూత ఎగిరిపోతుంది.

ముక్కలు తేలి, పసుపు నీళ్లు విడిగా కనిపిస్తున్నాయంటే ఇక తాగే పానీయం కాదు. దానిలో నాలుగు బ్రెడ్ ముక్కలు, కొన్ని కిస్‌మిస్‌లు వేసి ఒవెన్‌లోనో కుక్కర్‌లోనో పుడ్డింగ్ పెట్టేయండి. ఎవరూ వంక పెట్టరు.

అసలు ఎందుకు అవుతుందంటే, గుడ్డులోని మాంసకృత్తులు వేడికి విచ్చుకుని ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. వదులుగా అల్లుకున్నంతసేపు పాలు చిక్కగా ఉంటాయి. వేడి మితిమీరితే బిగుసుకుపోయి నీళ్లను బయటకు నెట్టేస్తాయి. సిమ్ అన్నారు కానీ, పెద్ద బర్నర్ మీద సిమ్ కూడా ఎక్కువే. చిన్న బర్నర్ వాడండి. అప్పటికీ మంట తగ్గకపోతే పెనం పెట్టి, దాని మీద గిన్నె పెట్టండి. ఇంకో సంగతి: స్టవ్ ఆపేసినా గిన్నె వేడికి అది ఉడుకుతూనే ఉంటుంది. అందుకే దించగానే వేరే గిన్నెలోకి వడకట్టమన్నాను. చాలామంది స్టవ్ కట్టేసి గిన్నె అక్కడే వదిలేసి జాలీ వెతుక్కుంటారు. జాలీ, ఖాళీ గిన్నె, నీళ్ల పళ్లెం మూడూ ముందే పక్కన పెట్టుకోవాలి.

జాజికాయ పొడి ప్యాకెట్ కొనాలా, కాయ కొనాలా? ఎంత వేయాలి? మా పాపకు నాలుగేళ్లు, తాగొచ్చా?
— పెదవాల్తేరు

కాయే కొనండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. ఎగ్‌నాగ్‌కి ప్రాణం జాజికాయ. పొడి చేసి ప్యాకెట్‌లో పెట్టింది నెలల తరబడి అటక మీద ఉన్నాక అందులో మిగిలేది రంగు మాత్రమే. పూర్ణా మార్కెట్‌లో మసాలా దినుసుల కొట్లలో విడిగా అమ్ముతారు. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండాలి, సన్నటి చిల్లులు ఉంటే పురుగు పట్టినట్టు. చెవి దగ్గర పెట్టి ఊపినప్పుడు గలగల వినిపిస్తే పైన నల్లటి చిప్ప ఇంకా తీయలేదన్నమాట. ఆ చిప్ప పగలగొట్టి లోపలి గింజే వాడాలి.

ఒకసారి సగానికి కోసి చూడండి. లేత గోధుమరంగు మీద ముదురు గోధుమరంగు చారలు మెలికలు తిరిగి ఉంటాయి. నూనె అంతా ఆ చారల్లోనే ఉంటుంది. అల్లం తురిమే సన్న తురుము పీట మీద గింజను పదిసార్లు రుద్దితే చాలు, వంటిల్లంతా వాసన కమ్ముకుంటుంది. జాపత్రి కూడా ఈ చెట్టుదే. గింజ చుట్టూ ఎర్రగా అల్లుకుని ఉండే పొరను ఎండబెడితే జాపత్రి. రెండూ ఇండోనేషియాలోని బాందా దీవుల నుంచి ప్రపంచానికి వచ్చాయి. ఆ దీవుల కోసం పోర్చుగీసులు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఎంత రక్తం చిందించారో చరిత్ర పుస్తకాల్లో ఉంది. మన భీమిలిలో ఉన్న సమాధులు కూడా ఆ డచ్చివాళ్ల ఈస్టిండియా కంపెనీ మనుషులవే.

కొలత మాత్రం జాగ్రత్త. పైన చెప్పిన అర లీటరు పాలకు పావు టీస్పూనుకు మించకూడదు. సగం పాలలో కలపండి, సగం తాగేముందు గ్లాసు మీద తురమండి. జాజికాయలో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉంటుంది. వంటలో వేసుకునే చిటికెడుతో ఏమీ కాదు. స్పూన్ల కొద్దీ తింటే మాత్రం తల తిరగడం, వాంతులు, గుండె దడ, లేనిది కనిపించడం దాకా వెళుతుంది. గింజలను పిల్లలకు అందకుండా పెట్టండి. నాలుగేళ్ల పాపకు ఉడికించిన గుడ్డు పడుతోందా? పడితే ఈ పానీయం చిన్న గ్లాసుడు ఇవ్వొచ్చు, రమ్ కలపనిది. కొన్ని ఇళ్లలో నెలల పసిపిల్లలకు జాజికాయ రంగరించి పట్టే అలవాటు ఇంకా ఉంది. నిద్రపోతారని పడతారు. డాక్టరును అడక్కుండా ఆ పని దయచేసి చేయకండి.

మేము గుడ్డు తినం. కానీ మా ఎదురింటివాళ్లు ప్రతి క్రిస్మస్‌కి కేకు పంపుతారు, గుడ్డు లేకుండా మా కోసం వేరుగా చేయిస్తారు. ఈసారి వాళ్లను మా ఇంటికి పిలిచి ఏదైనా పండగ పానీయం ఇవ్వాలని ఉంది. గుడ్డు లేని ఎగ్‌నాగ్ అవుతుందా?
— సింహాచలం

మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. అవుతుందమ్మా, బాగా అవుతుంది. మీ ఇంట్లో కస్టర్డ్ పౌడర్ ఉంటే చాలు. అసలు అది పుట్టిందే గుడ్డు తినలేనివాళ్ల కోసం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల కొట్టు ఆయన ఉండేవారు. ఆయన భార్యకు గుడ్డు పడదు, కస్టర్డ్ అంటే మాత్రం ఇష్టం. ఆమె కోసం 1837లో మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశారు. మనం ఫ్రూట్ సలాడ్‌లో పోసుకునేది ఆ పద్ధతిలోదే.

అర లీటరు పాలకు టేబుల్ స్పూను కస్టర్డ్ పౌడర్ చాలు. ప్యాకెట్ మీద రాసినంత వేస్తే గరిటె నిలబడుతుంది, తాగలేరు. నాలుగు స్పూన్ల చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, మసాలాలు ఊరిన వేడి పాలలో పోయండి. ఇక్కడ గుడ్డు లేదు కాబట్టి మరిగించవచ్చు, మరిగించాలి కూడా. లేకపోతే పిండి పచ్చివాసన పోదు. రెండు నిమిషాలు కుతకుతలాడనివ్వండి. గుడ్డు వల్ల వచ్చే నిండుదనం కోసం పదిహేను బాదం పప్పులు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి కలపండి. చల్లారాక క్రీమ్, జాజికాయ వేయండి. బాదం పాలలా యాలకులు, కుంకుమపువ్వు వేయాలని చెయ్యి లాగుతుంది. ఈసారికి ఆపండి. జాజికాయ, దాల్చినచెక్క మాత్రమే వినిపించాలి. ఎదురింటివాళ్లు నోట్లో పెట్టుకోగానే క్రిస్మస్ రుచి గుర్తుపట్టాలి కదా.

అనకాపల్లి వాళ్లం, ఇంట్లో పంచదార కంటే బెల్లమే ఎక్కువ వాడతాం. బెల్లం వేస్తే పాలు విరుగుతాయా?
— గవరపాలెం, అనకాపల్లి

వేడి పాలలో వేస్తే విరిగే అవకాశం ఉంది. బెల్లంలో పులుపు, ఉప్పులు ఉంటాయి. పాయసంలో దించాక బెల్లం కలపమని మన పెద్దవాళ్లు చెప్పింది ఇందుకే. వంద గ్రాముల బెల్లం రెండు స్పూన్ల నీళ్లతో కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి, పూర్తిగా చల్లార్చండి. ఎగ్‌నాగ్ కూడా చల్లారాక కలపండి. పచ్చసొనలో మాత్రం రెండు స్పూన్ల పంచదార తప్పనిసరిగా వేయండి. పంచదార ఉంటే గుడ్డు కొంచెం ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, లేకపోతే తొందరగా ముక్కలవుతుంది. లవంగం తీసేసి చిటికెడు శొంఠి వేయండి, బెల్లానికి అది బాగా కుదురుతుంది. రంగు ముదురుగా వస్తుంది, రుచి పంచదార దానికంటే లోతుగా ఉంటుంది. మీ ఊరి బెల్లంతో చేసింది నాకు చాలా ఇష్టం.

ఎగ్‌నాగ్‌లో రమ్ పోస్తే గుడ్డు పచ్చిదైనా ఫర్వాలేదని మా బావగారు అంటున్నారు. నిజమేనా?
— అక్కయ్యపాలెం

దాన్ని నమ్ముకోవద్దని చెప్పండి. గ్లాసులో కొంచెం రమ్ పోసి కలిపిన వెంటనే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోవు. గుడ్డు ఉడికించండి, ఆ తర్వాత పెద్దవాళ్లు తమ గ్లాసులో విడిగా ఏం పోసుకుంటారో వారి ఇష్టం. పిల్లల గిన్నెలో మాత్రం కలపకండి. ఒకసారి కలిపాక ఏది ఎవరిదో పొరపాటు జరుగుతుంది. 1826లో అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో కుర్రాళ్లు క్రిస్మస్ ముందు రాత్రి దొంగచాటుగా విస్కీ తెప్పించుకుని ఎగ్‌నాగ్‌లో పోసుకున్నారు. తెల్లవారేసరికి కిటికీలు పగిలాయి, కుర్చీలు విరిగాయి, సైనిక కోర్టు దాకా వెళ్లింది. మందు అక్కర్లేని ఇంట్లో దాని ఘాటుకు బదులు అరకు కాఫీ డికాక్షన్ రెండు స్పూన్లు వేసి చూడండి. జాజికాయతో కాఫీ చక్కగా కలుస్తుంది.

మా పెరట్లో కొబ్బరి చెట్లున్నాయి. కొబ్బరి పాలతో కూడా ఇలాంటిది చేస్తారని విన్నాను.
— భీమిలి

చేస్తారు. ప్యూర్టో రికో దీవిలో క్రిస్మస్‌కి కోకితో అని కొబ్బరి పాలతో చేస్తారు. చాలా ఇళ్లలో గుడ్డే వేయరు. అక్కడా సముద్రమే, కొబ్బరే, క్రిస్మస్‌కి చలే ఉండదు. మన విశాఖ వాళ్లకు ఎగ్‌నాగ్ కంటే అదే దగ్గరి చుట్టం అనిపిస్తుంది నాకు.

పెద్ద కొబ్బరికాయ తురిమి, గోరువెచ్చటి నీళ్లు కొద్దిగా పోసి మిక్సీలో తిప్పి, బట్టలో పిండితే మొదటి పాలు గ్లాసుడు వస్తాయి. మళ్లీ నీళ్లు పోసి పిండితే రెండో పాలు. రెండో పాలలో దాల్చినచెక్క వేసి ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చండి. మొదటి పాలను మరిగించకూడదు, నూనె తేలిపోతుంది. ఆవిరి వచ్చేదాకా వేడి చేస్తే చాలు. అన్నీ కలిపి, కండెన్స్‌డ్ మిల్క్ అర డబ్బా, వెనిల్లా, జాజికాయ వేసి మిక్సీలో ఒక్కసారి తిప్పండి. ఫ్రిజ్‌లో పెడితే పైన కొబ్బరి నూనె తెట్టులా గడ్డకడుతుంది. చెడిపోయిందనుకోకండి, బయట పది నిమిషాలు పెట్టి సీసా ఊపితే కలిసిపోతుంది. ఇంట్లో తీసిన కొబ్బరి పాలు త్వరగా పులుస్తాయి కాబట్టి మర్నాటికల్లా తాగేయండి.

ఇరవై నాలుగు రాత్రి రాస్ హిల్ చర్చిలో ఆరాధన అయ్యాక ముప్పై మంది బంధువులు మా ఇంటికి వస్తారు. మర్నాడు తెల్లవారుజామున కుర్రాళ్లు లంబసింగి వెళ్తారట, ఫ్లాస్కులో వేడి ఎగ్‌నాగ్ పోసిమ్మంటున్నారు. ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?
— వన్ టౌన్

ముందురోజు చేస్తేనే రుచి. జాజికాయ, దాల్చినచెక్క పాలలోకి బాగా దిగుతాయి. ముప్పై మందికి చిన్న గ్లాసులైతే పై కొలతకు ఐదు రెట్లు కావాలి. కానీ ఒకే గంగాళంలో చేయకండి. ఇరవై పచ్చసొనలు ఒకేసారి సిమ్‌లో చిక్కబరచడం కష్టం. అడుగున ఉడికిపోతుంది, పైన పచ్చిగా ఉంటుంది. రెండేసి కొలతల చొప్పున రెండుసార్లు, మిగిలినది మూడోసారి చేసి, చివర్లో అన్నీ కలపండి. క్రీమ్ తాగే రోజు కలిపితే తాజాగా ఉంటుంది.

చేసినదాన్ని వెడల్పాటి గిన్నెల్లో పోసి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లోకి మార్చండి. లోతైన గిన్నెలో వేడి మధ్యలోనే నిలిచిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, మూడో రోజుకు అట్టేపెట్టకండి. డిసెంబరు అన్న మాటేగానీ మన ఊళ్లో పగలు 28 డిగ్రీలు ఉంటుంది. బల్ల మీద రెండు గంటలకు మించి ఉంచొద్దు. చర్చికి వెళ్లేముందు బయటకు తీసి పెట్టకండి, కొండ దిగి ఇంటికి వచ్చాక తీయండి. గ్లాసులు మాత్రం ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కరెంటు పోతుందేమోనని టెన్షన్ పడుతుంటే పెద్ద టబ్బులో ఐస్ వేసి గిన్నెలు అందులో కూర్చోబెట్టండి.

ఫ్లాస్కు విషయంలో మాత్రం కుర్రాళ్ల మాట వినకండి. గుడ్డు, పాలు ఉన్నది 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. గోరువెచ్చగా ఫ్లాస్కులో పోసి, అర్ధరాత్రి బయల్దేరి, వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్లి, ఘాట్ రోడ్డు ఎక్కి, సూర్యోదయం చూస్తూ తాగితే సరిగ్గా అదే జరుగుతుంది. పోనీ కాగేకాగే పోద్దామా అంటే గుడ్డు విరుగుతుంది. సింహాచలం వారికి చెప్పిన కస్టర్డ్ పౌడర్ పద్ధతిలో, క్రీమ్ మానేసి, పౌడర్ అర స్పూనుకు తగ్గించి చేయండి. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోసి, అప్పుడు పొగలు కక్కుతున్నది పోయండి. లంబసింగి మంచులో అది చాలా బాగుంటుంది. తెల్లారగానే ఖాళీ చేసేయమనండి, సాయంత్రానికి దాచొద్దు.

మా నాన్నగారికి షుగర్. పండగ కదా, ఒక గ్లాసు ఇవ్వొచ్చా?
— సీతమ్మధార

గ్లాసుడు వద్దు, టీ కప్పులో సగం ఇవ్వండి, భోజనం తర్వాత కాకుండా భోజనంలో భాగంగా. ఆ పూట ఆయన కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించండి. ఆయన వాటాను విడిగా, పంచదార సగానికి తగ్గించి చేయవచ్చు. జాజికాయ, వెనిల్లా వాసన వల్ల తీపి తక్కువైనట్టు అంతగా తెలియదు. అయితే పాలలో కూడా చక్కెర ఉంటుంది, పంచదార మానేస్తే ఎంతైనా తాగొచ్చని అనుకోకూడదు. మందులు మార్చిన కొత్తలోనైతే డాక్టరు గారిని ఒక మాట అడగండి.

అన్ని పచ్చసొనలు వాడాక గిన్నెడు తెల్లసొన మిగిలిపోతోంది. ఏం చేయను?
— కంచరపాలెం

మంచి ప్రశ్న. పండక్కి గులాబి పువ్వులు వేస్తారు కదా? ఆ పిండిలో గుడ్డు బదులు తెల్లసొన పోయండి. మైదా, బియ్యప్పిండి సమానంగా, కొబ్బరి పాలు, పంచదార, రెండు గుడ్ల తెల్లసొన, కొంచెం నువ్వులు. పిండి ఇడ్లీ పిండి కంటే పల్చగా ఉండాలి. తెల్లసొన వల్ల పువ్వులు కరకరలాడతాయి, అచ్చు నుంచి తేలిగ్గా విడిపోతాయి. అచ్చు నూనెలో బాగా కాలాకే పిండిలో ముంచాలి, పై అంచు మాత్రం మునగకూడదు.

అయినా మిగిలితే ఐస్ ట్రేలో ఒక్కో గడిలో ఒక్కో గుడ్డు తెల్లసొన పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక కవర్లో వేసి తేదీ రాసుకోండి. సంక్రాంతి దాటాక కూడా ఆమ్లెట్‌కి, కేకుకి పనికొస్తాయి. వాడే ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చి కరగనివ్వండి, బయట పెట్టి కరిగించకండి. పచ్చసొన మిగిలితే మాత్రం అలాగే ఫ్రీజర్‌లో పెట్టకండి, జిగురుగా గడ్డకట్టి మళ్లీ కరగదు. చిటికెడు ఉప్పో, కొంచెం పంచదారో కలిపి పెట్టాలి, ఏది కలిపారో కవరు మీద రాయాలి.